కనికట్టు నేర్పే వీడియోకు మార్కులెలా వేయాలి?

(కోల్‌కతాలోని మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలో కూర్చుని నా జేబుల వైపే చూస్తున్న పిల్లలకు ఆశీస్సులు. పిల్లలూ, ఈ రోజు జేబులో పావురం లేదు. ఒక పెన్ను, ఒక 10 రూపాయల బిళ్ళ ఉన్నాయి. నా మాటలకు ఆ రెండూ చాలు.

మన రిక్రియేషన్ క్లబ్ వారు ఈ ఏడాది పిల్లలకు పెట్టిన పోటీ సంగతి మీకందరికీ తెలుసు. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు మూరెడు దూరంలో చేసి చూపించే మేజిక్ ఒకటి ఎంచుకోవాలి. దాన్ని ఎలా చేయాలో 5 నిమిషాల్లో తెలుగులో నేర్పుతూ వీడియో తీసి పంపాలి. 11 వీడియోలు వచ్చాయి. సెలవు రోజుల్లో పేకముక్కలతోనూ బిళ్ళలతోనూ కాలక్షేపం చేసే అలవాటు నాకుందని తెలిసి, మార్కులు వేసే పని నా మీద పెట్టారు. ఫలితాలు నోటీసు బోర్డు ఎక్కిన సాయంత్రమే లిఫ్టు దగ్గర ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఆపి, "ఏ లెక్కన వేశారండీ మార్కులు?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అప్పు దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వడం మనకు అలవాటు. పిల్లల శ్రమకు మార్కులు తగ్గించినప్పుడు కారణం చెప్పకపోతే ఎలా? ఆ కారణాలు చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను.

మనం ఉంటున్న ఊరు ఈ విషయంలో మామూలు ఊరు కాదు. బెంగాల్‌లో ఇంద్రజాలాన్ని పెద్ద వేదికల మీదికి తెచ్చిన తొలితరం వారిలో గణపతి చక్రవర్తి ఒకరు. ఆయనను గురువుగా తలచిన పి.సి. సర్కార్ 1913 ఫిబ్రవరి 23న, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న టాంగైల్ ప్రాంతంలో పుట్టారు. కలకత్తా నుంచి 'ఇంద్రజాల్' అనే తన ప్రదర్శనను దేశదేశాలు తిప్పారు. 1964లో పద్మశ్రీ అందుకున్నారు. 1971 జనవరి 6న జపాన్ పర్యటనలో ఉండగానే కన్నుమూశారు. ఆయన కుమారుడు పి.సి. సర్కార్ జూనియర్ 1992లో బర్ధమాన్ దగ్గరి ఖానా జంక్షన్‌లో జనం చూస్తుండగా ఏకంగా రైలునే మాయం చేశారు. ఇలాంటి ఊరిలో మన పిల్లలు బిళ్ళ మాయం చేస్తామంటే, చూసేవాళ్ళు గట్టివాళ్ళని ముందే గుర్తుంచుకోవాలి.

పెద్ద సర్కార్ గారి జీవితంలోని ఒక ఘట్టం చెబుతాను. నా మార్కుల లెక్కకు మూలం అక్కడే ఉంది. 1956 ఏప్రిల్ 9న లండన్‌లో బి.బి.సి. వారి 'పనోరమా' కార్యక్రమంలో ఆయన ఒక అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి రంపంతో రెండుగా కోసే ఇంద్రజాలం చేశారు. ప్రత్యక్ష ప్రసారం. రంపం ఆగింది. ఆమె చేతులు రుద్దారు, పిలిచారు. ఆమె పలకలేదు. వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ కెమెరా ముందుకు వచ్చి కార్యక్రమం ముగిసిందని చెప్పేశారు. ఆ అమ్మాయి నిజంగానే చనిపోయిందనుకుని జనం బి.బి.సి.కి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆమెకు ఏమీ కాలేదు. మర్నాడు పత్రికల నిండా సర్కార్ పేరే.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. మనిషిని కోసే విద్య అప్పటికి లండన్‌కు కొత్త కాదు. 1921లోనే పి.టి. సెల్బిట్ అనే ఇంద్రజాలికుడు అక్కడ దాన్ని చేసి చూపించాడు. కోత పాతదే. ఆ తరువాతి నిశ్శబ్దం కొత్తది. ఆయన ముఖం, ఆయన చూపు, ఆయన పిలుపు, జవాబు రాకపోవడం. జనాన్ని కుర్చీల్లోంచి లేపినవి అవి.

మన భాష ఈ తేడాను ఎప్పుడో పట్టుకుంది. ఈ విద్యకు తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి హస్తలాఘవం. రెండవది కనికట్టు. హస్తలాఘవం అంటే చేతి తేలిక. అది చేసేవాడిలో ఉంటుంది. కనికట్టు అంటే కన్ను కట్టేయడం. అది చూసేవాడికి జరుగుతుంది. మన బెంగాలీ మిత్రులు 'హాత్ సఫాయి' అంటారు. ఆ మాటా చేతి దగ్గరే ఆగిపోతుంది. మనవాళ్ళు మాత్రం చేతికొక మాట, కంటికొక మాట పెట్టుకున్నారు. మేజిక్ నేర్పే వీడియోల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఈ రెండు మాటల్లోనే తెలిసిపోతుంది. అవి హస్తలాఘవం చూపిస్తాయి, కనికట్టు చెప్పవు. చేతులు మాత్రమే తెర నిండా ఉంటాయి. మెడ పైన ఏముందో తెలియదు.

"చేతులు చూపిస్తే చాలదా?" అంటారేమో. చాలదని పరీక్ష చేసి చూపినవాళ్ళున్నారు. 2006లో గుస్టావ్ కూన్, మైఖేల్ లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న బంతితో చేసిన పరిశీలన ప్రచురించారు. ఇంద్రజాలికుడు బంతిని రెండుసార్లు నిజంగానే పైకి విసిరి పట్టుకుంటాడు. మూడోసారి విసిరినట్టు నటిస్తాడు, బంతి చేతిలోనే ఉండిపోతుంది. విసిరినట్టు నటిస్తూ అతను పైకి చూసినప్పుడు, చూసినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది బంతి పైకి వెళ్ళి మాయమైందన్నారు. అదే పని చేస్తూ తన చేతి వైపే చూసుకున్నప్పుడు, అలా అన్నవారు సుమారు మూడో వంతుకు తగ్గిపోయారు. చేయి చేసిన పని రెండుసార్లూ ఒకటే. మారింది చూపు ఒక్కటే. చేతులు మాత్రమే చూపించే వీడియోలో సగం పాఠం లేదని అంటున్నది ఇందుకే.

మేజిక్‌ను ఇతరులకు నేర్పడం ఇవాళ పుట్టిన పని కాదు. 1584లో ఇంగ్లండ్‌లో రెజినాల్డ్ స్కాట్ తన పుస్తకంలో కొన్ని చేతి కిటుకులు వివరించాడు. ఇవి మంత్రగత్తెల పని కాదని, మామూలు మనుషులు సాధనతో చేసేవేనని చెప్పడం ఆయన ఉద్దేశం. 1876లో ప్రొఫెసర్ హాఫ్‌మన్ పేరుతో వచ్చిన 'మోడరన్ మేజిక్' ఎందరికో పాఠ్యపుస్తకమైంది. 1926 నుంచి అమెరికాలో హార్లన్ టార్బెల్ పోస్టులో పాఠాలు పంపి నేర్పాడు. మన పి.సి. సర్కార్ గారు కూడా మేజిక్ నేర్పే పుస్తకాలు రాశారు. తరువాత క్యాసెట్లు, సీడీలు, ఇప్పుడు ఫోను. జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షలకు కూడా మనం వీడియోలు చూసే చదువుతున్నాం కదా. మాధ్యమం మీద నాకు ఫిర్యాదు లేదు. పుస్తకంలో అరపేజీ చదివినా అర్థంకాని వేలి కదలిక వీడియోలో రెండు సెకన్లలో కనిపిస్తుంది. అది గొప్ప లాభం.

అయితే కిటుకు తెలియడం వేరు, పాఠం అందడం వేరు. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట రోమ్‌లో సెనెకా అనే తత్వవేత్త ఒక ఉత్తరంలో గిన్నెలు, గులకరాళ్ళ గారడీ ప్రస్తావన తెచ్చాడు. అది ఎలా చేశారో తెలిసిపోతే దానిమీద ఆసక్తి పోతుందని అన్నాడు. నేటి వీడియోలు ఎక్కువగా అక్కడే ఆగిపోతున్నాయి. కిటుకు విప్పుతాయి. పిల్లవాడు "ఓ, ఇంతేనా!" అంటాడు, ఇంకో వీడియో నొక్కుతాడు. సాయంత్రానికి ఇరవై రహస్యాలు తెలుస్తాయి, ఒక్కటీ చేయడం రాదు.

అందుకని వీడియోలు చూసి మార్కులు వేసే పద్ధతి నేను పెట్టుకోలేదు. నాకు ముందే తెలిసిన విద్యను ఎవరు చెప్పినా నాకు అర్థమవుతుంది. ఈత వచ్చినవాడు ఈత పాఠానికి మార్కులు వేస్తే ఎలా? కొత్తవాళ్ళు ముగ్గురిని అడిగాను. ఒకరు, 30 ఏళ్ళకు పైగా నోట్లు లెక్కపెట్టి పదవీ విరమణ చేసిన మన హెడ్ క్యాషియర్ గారు. రెండవవారు, క్వార్టర్స్‌లో పిల్లలకు సంగీతం చెప్పే ఒక తల్లి. మూడవవాడు ఎనిమిదో తరగతి కుర్రాడు. పోటీలో లేనివాడు. ఒక్కొక్క వీడియో రెండేసి సార్లు చూపించి, ఫోను తీసేసుకున్నాను. అరగంట సాధన. తరువాత ఆ వీడియో చూడని నలుగురి ముందు చేసి చూపించాలి. ఆ నలుగురిలో మన ఆఫీసు ఎదుట టీ అమ్మే దాదా కూడా ఒకరు. ఆయనకు తెలుగు రాదు గనుక మాటలతో మాయ చేయడానికి వీల్లేదు. ఏది చూసినా "ఆర్ ఏక్‌బార్", ఇంకొక్కసారి, అంటారు. పరీక్షకుడంటే అలా ఉండాలి. మళ్ళీ వారం రోజుల తరువాత, వీడియో చూపించకుండా, అదే చేయమన్నాను. వారం తరువాత చేతిలో ఎంత మిగిలిందో చూసి ఎక్కువ మార్కులు వేశాను.

మొదటి లెక్క: ముందు ఆట మొత్తం ఒక్క కోత లేకుండా కనిపించిందా? నేర్చుకునేవాడు చివరికి ఎక్కడికి చేరాలో ముందు చూడాలి. బాగా చూడముచ్చటగా తీసిన వీడియో ఒకటి వచ్చింది. లైట్లు, వెనుక సంగీతం, పేరు మెరుస్తూ రావడం, అన్నీ ఉన్నాయి. ఇస్పేటు ఆసు పేక మధ్యలోకి వెళ్ళి పైకి వస్తుంది. కానీ వేళ్ళు అసలు పని చేసే ఆ ఒక్క సెకను దగ్గర ఒక కోత ఉంది. మోసం చేయాలని కాదు, అక్కడ చేయి జారితే రెండోసారి తీసింది అతికించాడు. ముగ్గురు శిష్యులూ సరిగ్గా అక్కడే ఆగిపోయారు. క్యాషియర్ గారైతే, "వోచరు ఉంది, సంతకం లేదు" అన్నారు.

రెండవ లెక్క: చేసేవాడి వైపు నుంచి చూపించారా? గురువు ఎదురుగా కూర్చుని నేర్పితే ఆయన కుడిచేయి మనకు ఎడమవైపు కనిపిస్తుంది. సగం మంది పిల్లలు అక్కడే తికమకపడతారు. ఎదుటి నుంచి కనిపించేది చూసేవాడి దృశ్యం. అదీ కావాలి, తన కోసం ఏం దాచాలో తెలియడానికి. కానీ నేర్చుకునేటప్పుడు భుజం మీదుగా కనిపించే దృశ్యం లేకపోతే వేళ్ళు దారి తప్పుతాయి.

మూడవ లెక్క: ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పారా? కెమెరాకు ఒకటే కన్ను, అది ఒకేచోట ఉంటుంది. మనిషి అలా ఉండడు. కోల్‌కతాలో నలుగురు కలిస్తే అది అడ్డా. ఒకరు పక్కన, ఒకరు వెనుక, ఒకరు నిలబడి, మధ్యలో టీ. కెమెరాకు దొరకని బిళ్ళ ఎడమ పక్కన కూర్చున్న బాబాయికి దొరికిపోతుంది. 'ఎడమవైపు ఎవరూ ఉండకూడదు, గోడకు వీపు పెట్టుకుని చెయ్యి' అని ఒక్క ముక్క చెప్పిన వీడియోకు మార్కులు ఎక్కువ వేశాను. 'ఎక్కడైనా ఎవరి ముందైనా చేయవచ్చు' అన్నదానికి తగ్గించాను.

నాలుగవ లెక్క: వస్తువు మనదేనా? విదేశీ వీడియోల్లో బిళ్ళల మేజిక్ ఎక్కువగా అమెరికా అర డాలరుతో చేస్తారు. దాని వెడల్పు 30.6 మిల్లీమీటర్లు. మన 10 రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లే. అర డాలరును పెద్దవాడి అరచేయి ఎలా పట్టి ఉంచుతుందో చూసి, పదేళ్ళ పిల్ల తన చేతిలో అలాగే ఉండాలనుకుంటే ఉండదు. పేక సంగతీ అంతే. విదేశాల్లో ఇంద్రజాలికులు వాడే పేక వెడల్పు సుమారు 63 మిల్లీమీటర్లు. సన్నం రకం పేక 57 మిల్లీమీటర్లు. చిన్న చేతికి సన్నం పేకే నయం. మంచి పాఠం నేర్చుకునేవాడి చేతిని తలచుకుని వస్తువును ఎంచుతుంది.

అయిదవ లెక్క, అన్నిటికన్నా బరువైనది: ప్రతి కదలికకూ ఎందుకు అనే కారణం చెప్పారా? ఇక్కడే మొదటి బహుమతి తేలింది. బహుమతి పొందిన వీడియోలో లైట్లు లేవు, సంగీతం లేదు. వెనుక కుక్కరు కూత వినిపిస్తూనే ఉంది. ఆరో తరగతి చదివే అమ్మాయి. భుజం వెనుక నుంచి అమ్మమ్మ ఫోను పట్టుకుంది, ఫోను కాస్త వణుకుతోంది కూడా. చేసిన విద్య అతి పాతది. బిళ్ళ ఎడమచేతి వేళ్ళ కొనల మీద ఉంటుంది. కుడిచేయి వచ్చి తీసుకున్నట్టు చేస్తుంది, బిళ్ళ మాత్రం ఎడమచేతిలోకే జారిపోతుంది. ఫ్రెంచ్ డ్రాప్ అని పేరు, హాఫ్‌మన్ పుస్తకంలోనూ ఉంది. ప్రతి పిల్లవాడికీ నేర్పేది, దాదాపు ప్రతి పిల్లవాడూ చెడగొట్టేది.

ఆ అమ్మాయి ఏం చెప్పిందో వినండి. "ముందు పది సార్లు నిజంగానే బిళ్ళను కుడిచేతిలోకి తీసుకో. అప్పుడు నీ కళ్ళు ఎటు వెళ్ళాయో చూసుకో. పదకొండోసారి తీసుకోకుండా, కళ్ళను మాత్రం అక్కడికే పంపు." ఇంతే. మాస్టర్లు చెప్పవలసిన మాట. ఆపైన ఇంకో ప్రశ్న తనే వేసుకుంది: "బిళ్ళ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎందుకు మారాలి? ఊరికే మారిస్తే అమ్మమ్మకు అనుమానం వస్తుంది. అందుకని నా పెన్ను ఎడమ జేబులో పెట్టుకున్నాను. పెన్ను తీయాలి కాబట్టి ఎడమచేయి ఖాళీ కావాలి." అదీ కారణం. ఎడమచేయి సహజంగా జేబులోకి వెళ్ళింది, బిళ్ళ అక్కడే దిగిపోయింది, పెన్ను బయటికి వచ్చింది. కుడి గుప్పిటను పెన్నుతో తట్టి తెరిస్తే బిళ్ళ లేదు, ఎడమచేతిలో పెన్ను తప్ప మరేమీ లేదు. హస్తలాఘవం రెండు సెకన్లు. కనికట్టు మొత్తం ఆ పెన్నులో ఉంది.

మన ముగ్గురు శిష్యులూ ఆ అరగంటలోనే అది చేశారు. వారం తరువాత కూడా చేశారు. క్యాషియర్ గారు చేసినప్పుడు టీ దాదా బిళ్ళ కోసం బల్ల కింద చూశారు.

ఆరవ లెక్క: తప్పితే ఏం చేయాలో, మళ్ళీ చేయమంటే ఏం చేయాలో చెప్పారా? 'ఆర్ ఏక్‌బార్' అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. రెండోసారి చూసేవాడికి ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది. అందుకే వెంటనే మళ్ళీ చేయకూడదు, నవ్వి ఇంకో ఆటలోకి వెళ్ళాలి. ఇది చెప్పని వీడియో పిల్లవాడిని చుట్టాల మధ్య ఒంటరిగా వదిలేసినట్టే.

ఏడవ లెక్క: ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పారా? మేజిక్‌లో ప్రతి కదలికకూ వెనుక ఎవరో ఒకరి ఏళ్ళ సాధన ఉంటుంది. 'ఇది నేను ఫలానా పుస్తకంలో చదివాను, మా మామయ్య చూపించాడు' అని చెప్పడానికి నాలుగు సెకన్లు చాలు. నలుగురు పిల్లలు చెప్పారు. ఆ నలుగురికీ ఒక్కో మార్కు కలిపాను.

ఇప్పుడు లిఫ్టు దగ్గర నన్ను ఆపిన ఒక తండ్రి ప్రశ్నకు వస్తాను. ఆయన అడిగింది సమంజసమే: "మావాడు పరీక్షలు పెట్టుకుని కూడా పది రోజులు కూర్చుని ఎడిటింగ్ నేర్చుకున్నాడు. ఆ కష్టానికి విలువ లేదా?" ఉంది. అందుకే క్లబ్ వారికి వచ్చే ఏడాది చిత్రీకరణకు విడిగా బహుమతి పెట్టమని రాసి ఇచ్చాను. కానీ ఈసారి పోటీ నేర్పడానికి పెట్టింది. నేర్పడంలో గెలుపు శిష్యుడి చేతిలో తేలుతుంది. గురువు ఎంత అందంగా కనిపించినా అది లెక్కకు రాదు.

ఆ కుర్రాడు మర్నాడు తనంతట తనే వచ్చాడు. మార్కుల సంగతి ఎత్తలేదు. "అంకుల్, నా వీడియో చూసి ముగ్గురిలో ఒక్కరికి కూడా రాలేదా?" అని అడిగాడు. రాలేదని ఉన్నమాట చెప్పాను, ఏ సెకను దగ్గర ఆగిపోయారో చూపించాను. వాడు కొంచెంసేపు ఆ కోత దగ్గరే ముందుకూ వెనక్కూ తిప్పుకున్నాడు. "అక్కడ నాకే సరిగ్గా రాదు, అందుకే కట్ చేశా" అన్నాడు. ఈ పోటీ మొత్తానికి నాకు దొరికిన మంచి మాట అది. మనకు రానిచోటే కోత పెడతాం. అది మేజిక్ వీడియోకే కాదు, కొత్త గుమాస్తాకు మనం పని నేర్పే తీరుకూ వర్తిస్తుంది. "ఇక్కడ ఏదో ఎంట్రీ ఉంటుందిలే, అది నేను చూసుకుంటా" అన్నామంటే, అక్కడ మనకూ సరిగ్గా తెలియదన్నమాట.

తల్లిదండ్రులకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. మన పిల్లలు ఫోనులో చూసి నేర్చుకోబోయి, రాక, "నా చేతులు మంచివి కావు" అని వదిలేస్తున్నారు. నేను స్వయంగా విన్న మాట ఇది. మేజిక్ దగ్గరే కాదు, బొమ్మలు గీయడం దగ్గర, కీబోర్డు దగ్గర, లెక్కల దగ్గర కూడా. తెర మీద ఉన్నవాడికి ఇరవైసార్లు తప్పింది మనకు కనిపించదు, ఇరవై ఒకటోసారి మాత్రమే కనిపిస్తుంది. మన పిల్లవాడికి తన ఇరవై తప్పులూ కనిపిస్తాయి. ఆ రెండింటినీ పోల్చుకుని చిన్నబోతాడు. అలాంటప్పుడు పిల్లవాడి చేతిని తప్పుపట్టకముందు పాఠాన్ని పరీక్షించండి. వీడియో పక్కన కూర్చుని చూడండి. కోత ఎక్కడుంది? చూపు సంగతి చెప్పాడా? కారణం చెప్పాడా? చాలాసార్లు లోటు పాఠంలోనే దొరుకుతుంది.

డబ్బు పెట్టి కొనే వీడియోల గురించి కూడా ఒక మాట. ప్రకటనలో చూపేది ఆట చివరి క్షణం. కొన్న తరువాత వచ్చేది ఆ క్షణానికి ముందున్న పని. కొనేముందు మూడు విషయాలు అడగండి. మామూలు మనుషుల ముందు, మధ్యలో కోత లేకుండా చేసింది చూపించారా? విడిగా కొనవలసిన సామాను ఏమైనా ఉందా? ఏ వైపు నుంచి చూస్తే పట్టుబడుతుందో చెబుతున్నారా? 'సాధన అక్కరలేదు, వెంటనే వచ్చేస్తుంది' అని రాసి ఉంటే, మన దగ్గరికి వచ్చి 'నెలకు రెట్టింపు వడ్డీ' అనేవాడిని ఎలా చూస్తామో అలా చూడండి. డబ్బు పెట్టకముందు కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణాలు ఒకసారి చూడండి. ఓపిక ఉంటే అక్కడ మంచివి దొరుకుతాయి.

ఇంకొక లెక్క నా కాగితం మీద రాసుకోలేదు గానీ, మనసులో ఉంది. ఆట ముగిసేసరికి చూసినవాడు ఏం పోగొట్టుకున్నాడు? మన కౌంటర్ల దగ్గర ఒకడు 500 నోటుకు చిల్లర అడిగి, మధ్యలో మాట మార్చి, ఇచ్చిన నోటు వెనక్కు తీసుకుని, మళ్ళీ ఇంకోలా అడిగి క్యాషియర్‌ను గందరగోళం చేస్తాడు. వాడు చేసేదీ కనికట్టే. ఫోనులో 'ఇప్పుడే, ఈ నిమిషమే' అని తొందరపెట్టి ఓటీపీ అడిగేవాడు చేసేదీ కనికట్టే. వాడు మన చూపును ఒకచోట కట్టేసి ఇంకోచోట పని చేసుకుంటాడు. ఇంద్రజాలికుడు 'నేను మిమ్మల్ని మాయ చేస్తాను' అని ముందే చెప్పి చేస్తాడు, చివరికి మీ బిళ్ళ మీకిస్తాడు. దొంగ ఆ రెండూ చేయడు. పేకలో స్నేహితుల డబ్బులు గెలవడం ఎలాగో నేర్పే వీడియోలు చాలా ఉన్నాయి. అవి ఎంత బాగా నేర్పినా పిల్లల ఫోనులో ఉండదగ్గవి కావు. అయితే మంచి గురువు దగ్గర కనికట్టు నేర్చుకున్న పిల్లకు ఒక అదనపు లాభం ఉంది. ఎవరైనా తన చూపును అనవసరంగా ఒకవైపు లాగుతుంటే, రెండో చేయి ఏం చేస్తోందో చూడాలని ఆమెకు గుర్తొస్తుంది.

పిల్లలూ, ఇక మీకు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ఒక 10 రూపాయల బిళ్ళ తీసుకోండి. ఎడమచేతి వేళ్ళ కొనల మీద పెట్టుకోండి. కుడిచేత్తో నిజంగానే తీసుకోండి. మాయ ఏమీ చేయవద్దు. పది సార్లు. ఎదురుగా అద్దం పెట్టుకుని మీ కళ్ళు ఎటు వెళుతున్నాయో చూడండి. బహుమతి వచ్చిన అమ్మాయి చెప్పిన పాఠం అది, నాది కాదు. పదకొండోసారి ఏం చేయాలో మీకు తెలుసు. బాగా వచ్చాకే అమ్మమ్మకు చూపించండి. ఆవిడ 'ఇంకొక్కసారి' అంటే నవ్వి ఊరుకోండి.

మార్కుల కాగితాలు క్లబ్ బల్ల మీద పెట్టాను. ఎవరైనా తమ పిల్లల కాగితం చూసుకోవచ్చు, నన్ను అడగవచ్చు.